నైరుతి తూము

పామర్రు,
జూన్ 2

అమ్మా రుచితా,

మీ నాన్న నాకు ఒక మాట ఇచ్చాడు. తొంభై ఏడులో, దీపావళి వెళ్ళిన మర్నాడు, ఇదే ఇంటి డాబా మీద, చిచ్చుబుడ్ల మసి ఇంకా చెరగని చోట నిలబడి, "అన్నయ్యా, వచ్చే వానలకల్లా పైన గదులు లేపేస్తాను. అప్పుడు వాటం మార్పిస్తాను. నీ పడగ్గది మీద చుక్క నీరు నిలవనివ్వను" అన్నాడు. ఆ వానలు వచ్చాయి. ఆ తరువాతి వానలూ వచ్చాయి. గదులు రాలేదు, వాటం మారలేదు. ఇచ్చినవాడు కిందటి ఏడు పోయాడు. మాట మాత్రం మొన్న మే మొదట్లో మా పడగ్గది పైకప్పు నుంచి ఊడి కింద పడింది.

నువ్వు ఫోన్ చేసి, వడగళ్ళకి పాడైన డాబా బాగుచేయించడానికి ఎంతవుతుందో చెప్పమన్నావు. డాబా మీ నాన్న వాటా కాబట్టి, ఇప్పుడది నీది కాబట్టి, సగం పెట్టుకుంటానన్నావు. తరువాత చెబుతానని పెట్టేశాను. ఫోన్లో నీతో ఈ సంగతి మాట్లాడటం నాకు చేతకాదు. నేను ఒక వాక్యం పూర్తి చేసేలోగా నువ్వు "అయ్యో" అంటావు. ఆ అయ్యోతో నేను చెప్పదలచింది సగం మెత్తబడుతుంది. ఉద్యోగమంతా లైబ్రరీలో గడిపినవాణ్ణి. చదివే మనిషి మధ్యలో నోరెత్తడు. ఉత్తరంలో నాకు కనిపించే సుఖం అదొక్కటే.

ఇల్లు మీ తాతయ్య కట్టింది. పంచినప్పుడు కింద ఇల్లు నాకు, పైన డాబా మీ నాన్నకి రాశాడు. చిన్నవాడు ఎప్పటికైనా పైన కట్టుకుంటాడని పిల్లర్ల ఊచలు పైకి వదిలేశాడు. పెద్దవాడికి గోడలు, చిన్నవాడికి ఆకాశం. ఆ పంపకం విని అప్పట్లో నేను నవ్వాను.

డాబాకి రెండు తూములు. నైరుతి మూల ఒకటి, ఈశాన్యం మూల ఒకటి. మీ తాతయ్య జీవితమంతా పొలానికి నీళ్ళు కట్టినవాడు. వీధి కాలవ నైరుతి వైపు ఉంది కాబట్టి నీళ్ళు పారే వాటం అటే పెట్టించాడు. ఈశాన్యం తూము పేరుకే ఉండేది. మీ నాన్న గవర్నర్‌పేటలో పైపుల కొట్టు పెట్టిన రెండో ఏడు నష్టం వచ్చింది. ఎందుకొచ్చిందో నాకు తెలుసు. అడిగినవాడికల్లా అరువిచ్చాడు. మీ నాన్న మాత్రం కంకిపాడు నుంచి ఒక సిద్ధాంతిని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన డాబా ఎక్కి, అరచేతిలో దిక్సూచి పెట్టుకుని నాలుగు వైపులా తిరిగి, "నైరుతిన నీళ్ళు దిగుతున్నాయి. ఈ ఇంటి మగపిల్లలకి అచ్చిరాదు. మూసెయ్యండి" అన్నాడు.

"ఆ మగపిల్లల్లో నేనూ ఒకణ్ణేనండి. నాకేం కాలేదు" అన్నాను.

"మీరు చదువుకున్నవారు కదండీ. మీకు తెలియడానికి కాస్త టైం పడుతుంది" అన్నాడాయన.

అందరూ నవ్వారు, నాతో సహా. మీ పెద్దమ్మ నవ్వలేదు. మా బాబీ చెయ్యి పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉంది.

సాయంత్రానికి తూములో సిమెంటు పడింది. జిల్లాకంతా పైపులు అమ్మేవాడు తన డాబాకి పనికొచ్చే ఒక్క గొట్టాన్నీ మూయించాడు. సరే, మూశాడు. వాటం ఈశాన్యానికి మార్చాలి కదా? దానికి పైపూతంతా తవ్వి మళ్ళీ వెయ్యాలి. ఎలాగూ ఏడాదిలో పైన కడతాను, అప్పుడు చూద్దాం అన్నాడు. అంటే నీళ్ళు ఎప్పటిలాగే నైరుతికి వస్తాయి, వచ్చి దారి లేక అక్కడే కూర్చుంటాయి. ఆ కింద మా పడగ్గది. అదీ వాస్తు ప్రకారమేనమ్మా. ఇంటి యజమాని నైరుతిలో పడుకోవాలట. వేల ఏళ్ళ కిందట సింధు నది ఒడ్డున ఇటుకలతో మురుగు కాలవలు కట్టుకున్నవాళ్ళ గురించి చదివాను. వాళ్ళకి ఏ సిద్ధాంతీ దొరికినట్టు లేదు. అందుకే ఆ కాలవలు ఇప్పటికీ కనబడుతున్నాయి.

ఇక వడగళ్ళ సంగతి. విజయవాడలో నాలుగు చినుకులు పడ్డాయన్నావు. ఇక్కడ మధ్యాహ్నానికే ఆకాశం తుప్పు రంగుకి తిరిగింది. మొదట ఉసిరికాయలంత పడ్డాయి, తరువాత నిమ్మకాయలంత. పక్కింటి అమలమ్మ గారి రేకులకి చిల్లులు పడ్డాయి. "మాది డాబా ఇల్లు కదండీ, లోపలికి రండి" అని మీ పెద్దమ్మ ఆవిణ్ణి పిలిచి మంచినీళ్ళిచ్చింది. పైన ఏం జరుగుతోందో మాకు తెలియదు. ఏళ్ళ తరబడి నీళ్ళు తాగి ఉబ్బిన పైపూత ఆ దెబ్బలకి అప్పడంలా పగిలింది. చితికిన మామిడాకులూ వడగళ్ళూ కలిసి ఈశాన్యం తూముకి బిరడాలా బిగుసుకున్నాయి. చుట్టూ పిట్టగోడ. వాన కాస్త తగ్గాక నేను పైకి వెళ్ళేసరికి డాబా చెరువులా ఉంది. నైరుతి వైపు పిక్కల దాకా లోతు.

ఈశాన్యం మూల కూర్చుని తూములో చెయ్యి పెట్టి ఆ మంచు పీకాను. వేళ్ళు తిమ్మిరెక్కాయి. కింద ఏదో బరువైనది పడ్డ చప్పుడైంది. మామిడి కొమ్మ విరిగిందనుకున్నాను. ఇంకాసేపు పీకాను. నీళ్ళు కదిలి సుడి తిరగడం మొదలైంది. సంతోషించాను కూడా. అప్పుడు వినిపించింది అమలమ్మ గారి కేక.

నడుం వాల్చడానికి అప్పుడే వెళ్ళి పడుకుందట మీ పెద్దమ్మ. ఊడిన పెచ్చు మంచమంత ఉంది. తుంటి విరిగింది, పక్కటెముకలు విరిగాయి. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ నువ్వు రోజూ కొట్టు మూసి వచ్చావు. అది మరిచిపోలేదు. నీ మీద నాకు కోపం లేదు. ఆఖరికి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి ప్రాణం పోయింది. డాక్టరు కాగితం మీద నిమ్ము అనే రాశాడు. నన్ను రాయమంటే మీ నాన్న పేరు రాసేవాణ్ణి.

ఖర్చు అడిగావు కదా. పెద్దకర్మ అయిన వారానికి మండలాఫీసు నుంచి వడగళ్ళ నష్టం రాసుకునే కుర్రాడు వచ్చాడు. "డాబా ఇళ్ళకి లేదండీ తాతగారూ. అరటి, మొక్కజొన్న, రేకుల ఇళ్ళు, అంతే. స్లాబుని వడగళ్ళేం చేస్తాయండీ" అన్నాడు. "మనిషిని చంపాయి" అన్నాను. చేతిలో కాగితాలు తిరగేసి, "దానికి వేరే ఫారం ఉంటుందండీ" అన్నాడు. మంచి కుర్రాడే. మేస్త్రీ గంగాప్రసాద్ నాలుగు లక్షల పైమాటే అన్నాడు. వడగళ్ళు పడకముందు ఇదే పనికి ఎంత చెప్పేవాడో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

అందులో సగం నాకు వద్దు. పైన డాబా హక్కు నాకు రాసిచ్చెయ్యి. రిజిస్ట్రేషన్ ఖర్చు నేనే పెట్టుకుంటాను. ఊచలు కోయిస్తాను, తూము తెరిపిస్తాను. మీ ఇంటికీ మా ఇంటికీ మధ్య మిగిలింది ఆ స్లాబు ఒక్కటే. అది నా పేరున పడ్డాక నువ్వు నాకు ఫోన్ చెయ్యనక్కర్లేదు, నేను ఎత్తనక్కర్లేదు.

నీ పెదనాన్న,
వెంకటకృష్ణారావు


పామర్రు,
జూన్ 13

రుచితమ్మా,

నీ జవాబు అందింది. రెండే వాక్యాలు రాశావు. "సంతకం పెడతాను పెదనాన్నా. కానీ నాన్న గురించి అలా అనుకోకండి." మొదటి వాక్యానికి సంతోషం. రెండోదానికి జవాబు రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

ఎలా అనుకోమంటావు? మాట తప్పడం వరకే అయితే నేను ఎప్పుడో మింగేసేవాణ్ణి. మీ నాన్న అంతకన్నా పెద్ద పని చేశాడు. నువ్వప్పుడు చిన్నపిల్లవి, నీకు తెలిసి ఉండదు. రెండువేల నాలుగు వేసవిలో నలుగురు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, తూము తెరవడానికి మీ నాన్నని ఒప్పించాను. ఒప్పుకున్నాడు. తనే సుత్తీ ఉలీ పట్టుకుని తెరిచాడు, చొక్కా విప్పి, చెమటలు కక్కుతూ. కిందికొచ్చి మీ పెద్దమ్మ చేతి మజ్జిగ తాగి, "ఇక చాలా అన్నయ్యా?" అన్నాడు. చాలన్నాను. ఆ వానాకాలం నా ఇల్లు పొడిగా ఉంది. వాన పడితే పుస్తకం మూసి, గొట్టంలోంచి నీళ్ళు వీధి కాలవలోకి దూకే చప్పుడు వినేవాణ్ణి.

ఆ చలికాలం బాబీకి మళ్ళీ ఫిట్స్ వచ్చాయి. చిన్నప్పుడు వచ్చేవి, మందులు వాడితే తగ్గిపోయాయి. ఇంటర్ పరీక్షలని మాత్రలు మానేసి నిద్ర కాచాడు వెధవ. విజయవాడలో డాక్టరు అదే చెప్పాడు. నేను వారం రోజులు వాడి మంచం దగ్గరే ఉన్నాను. మీ పెద్దమ్మ బట్టలకీ వంటకీ ఇంటికీ ఆసుపత్రికీ తిరిగేది. వాణ్ణి తీసుకుని ఇంటికొచ్చిన రోజు ఎందుకో డాబా ఎక్కాను. తూము మళ్ళీ మూసి ఉంది. సిమెంటు ఇంకా పచ్చిగా, చేత్తో నిమిరినట్టు నున్నగా ఉంది.

కిందికి దిగకుండానే మీ నాన్నకి ఫోన్ చేశాను.

"తూము మూసిందెవడ్రా?"

"నేనే అన్నయ్యా."

"ఎందుకు?"

"కొట్టు బాగా లేదు."

"మొన్ననేగా రెండో కొట్టు తెరిచావు?"

"అందుకే" అన్నాడు.

అదేం జవాబు? ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. కొడుకు ఆసుపత్రిలో ఉండగా, ఇంట్లో ఎవరూ లేని సమయం చూసుకుని దొంగలా వచ్చి మూసినవాడు అంతకన్నా మంచి అబద్ధం ఆలోచించుకోలేదా అనిపించింది. ఫోన్ పెట్టేశాను. మీ నాన్నతో నేను మాట్లాడిన ఆఖరి మాటలు అవే.

మరి మీరే ఎందుకు పగలగొట్టలేదని అడుగుతావు. అది నా ఆస్తి కాదు. ఇంకొకడి గోడకి మేకు కొట్టని మనిషిని నేను. మీ పెద్దమ్మ కూడా "వదిలెయ్యండి, ఎంతకని వాదిస్తారు" అనేది. వాన పడితే బకెట్టు తెచ్చి పెట్టి, మంచం ఒక జానెడు అటు జరిపేది. తగ్గాక మళ్ళీ యథాస్థానానికి జరిపేది. గది మారుద్దామన్నా వినేది కాదు. ఆ మూలే పడుకోవాలనేది. మీ నాన్న చేసిన పనికి ఆవిడ అంత ఓర్పు పట్టిందే అని నాకు ఇంకా మండేది.

మీ నాన్న పోయినప్పుడు నేను రాలేదు. మోకాళ్ళ నొప్పులని చెప్పించాను. నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి. మీ పెద్దమ్మ ఒక్కతే బస్సెక్కి వచ్చింది. తిరిగొచ్చాక సరిగా తిండి తినలేదు. మరిది కోసం అంత ఏడవాలా అన్నాను. "మీకు చెప్పినా తెలియదు లెండి" అంది.

గంగాప్రసాద్ నిన్న వచ్చి డాబా కొలిచాడు. మాటకారి. "రెండు దార్లున్నాయి బాబాయి గారూ. కెమికల్ పూసేస్తే చవక, మూడేళ్ళు ఆగుతుంది. లేదంటే పాత పూత మొత్తం లేపేసి కొత్తది వెయ్యాలి" అన్నాడు.

"మూడేళ్ళు నాకు చాలేమో" అన్నాను.

"అలా అనకండి, ఆ తరువాత నాకు పనెవరిస్తారు?" అన్నాడు. ఆ మూసిన మూల కాలితో తట్టి, "మరి ఈ నైరుతి తూము తెరిచేదా? ముందే చెప్పండి. కొన్ని ఇళ్ళల్లో సగం కొట్టాక ఆడవాళ్ళు పైకొచ్చి పని ఆపించేస్తారు" అన్నాడు.

"మా ఇంట్లో ఇక ఆడవాళ్ళు లేరు" అన్నాను. ఆయన తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

వచ్చే సోమవారం పెట్టుకున్నాను. పొద్దున్నే ఆయన తూము కొడతాడు. అదే రోజు నువ్వు వచ్చి సంతకం పెట్టు. బాబీ మంగళగిరి నుంచి వస్తాడు, సాక్షి సంతకానికి. మీ అమ్మని తీసుకురావద్దు. పాపం, ఆవిడ నన్ను చూడనక్కర్లేదు.

నీ పెదనాన్న,
వెంకటకృష్ణారావు


పామర్రు,
జూన్ 27

తల్లీ రుచితా,

ఆ సోమవారం నువ్వూ బాబీ ముందు వెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో కూర్చున్నారు. నేను వెనకే వస్తానన్నాను, రాలేదు. నువ్వు వెతుక్కుంటూ వచ్చేసరికి డాబా మీద పిట్టగోడకి ఆనుకుని, చేతిలో ఒక మురికి గుడ్డతో కూర్చుని ఉన్నాను. అదేమిటో నువ్వు అడగలేదు. నేను అడిగినదానికి జవాబు చెప్పి, కళ్ళు తుడుచుకుని బస్సెక్కి వెళ్ళిపోయావు. నువ్వు రాకముందు జరిగిందీ వెళ్ళాక జరిగిందీ నీకు తెలియాలి.

సిమెంటు గట్టిగానే ఉంది. గంగాప్రసాద్ మనిషి చాలాసేపు కొట్టాడు. పైన గట్టి ముక్క లేచాక, గొట్టంలో కుక్కిన గుడ్డ కనబడింది. సిమెంటు కిందికి జారిపోకుండా అలా ఏదో ఒకటి కుక్కుతారట. గంగాప్రసాద్ దాన్ని లాగి, దులిపి, వీధిలోకి విసరబోయాడు. "ఆగు" అన్నాను.

నీలం గళ్ళ చొక్కా. చిన్నపిల్లవాడిది. జేబు మీద ఎర్రదారంతో కుట్టిన పువ్వు. బాబీ మూడో తరగతిలో ఉండగా బడిలో చొక్కాలు మారిపోతున్నాయని మీ పెద్దమ్మ కుట్టిన పువ్వు అది. వాడి చిన్నప్పటి బట్టలు బీరువా అడుగున మూటగట్టి ఉండేవి. తాళంచెవి ఆవిడ బొడ్లో ఉండేది. ఏ పుస్తకం ఏ అరలోంచి ఎవరి చేతి మీదుగా పోయిందో కనిపెట్టడమే నా ఉద్యోగం. ఆ చొక్కా తూములోకి ఎవరి చేతి మీదుగా వచ్చిందో తెలుసుకోవడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు.

అప్పుడే నువ్వు మెట్లెక్కి వచ్చావు. "ఈ తూము రెండోసారి మూసింది ఎవరమ్మా?" అని అడిగాను.

"చెప్పనని నాన్నకి మాటిచ్చాను పెదనాన్నా."

"మీ నాన్న పోయాడు. మీ పెద్దమ్మ పోయింది. ఇంకెవరి కోసం దాస్తావు?"

నువ్వు చెప్పావు. సరిగ్గా విన్నానో లేదో, మళ్ళీ రాస్తున్నాను. బాబీకి చిన్నప్పుడు ఫిట్స్ ఆగాయి, సిద్ధాంతి మాట మీద తూము మూసిన నెలలో. ఆ నెలలోనే విజయవాడ డాక్టరు కొత్త మందు మొదలుపెట్టాడు. ఆ సంగతి నాకు గుర్తుంది, మీ పెద్దమ్మకి తూము గుర్తుంది. తెరిచిన ఏడే ఫిట్స్ తిరిగి వచ్చాయి. ఆసుపత్రి నుంచి బట్టలకని ఇంటికొచ్చిన మనిషి, అమలమ్మ గారి అరుగు కట్టగా మిగిలిన సిమెంటు అడిగి తెచ్చి, తనే కలిపి, తనే డాబా ఎక్కి, కొడుకు చొక్కా కుక్కి మూసింది. కిందికొచ్చి మీ నాన్నకి ఫోన్ చేసింది.

"తిరుపతీ, మూసింది నేనని మీ అన్నయ్యకి తెలియకూడదు. తెలిస్తే పది పుస్తకాలు తెచ్చి నా ముందు పడేస్తారు. వాటికి నేను జవాబు చెప్పలేను. నువ్వే మూశానని చెప్పు నాయనా."

"అన్నయ్య ఇక నాతో మాట్లాడడు వదినా."

"ఆయన సంగతి నాకు తెలుసు. నాలుగు రోజులు మాట్లాడరు. మళ్ళీ ఆయనే పిలుస్తారు."

నాలుగు రోజులట. అన్నేళ్ళు కాపురం చేసి నన్ను ఆవిడ అంచనా వేసింది అంత.

మీ నాన్న తరువాత రెండుసార్లు వాటం మార్పించడానికి మనుషుల్ని పంపాడని కూడా చెప్పావు. పంపాడు. నేను గుమ్మంలోంచే వెనక్కి పంపాను. మూసినవాడి సొమ్ముతో బాగుచేయించుకోవడం ఏమిటనుకున్నాను. మూసినవాడు అతనే అయితే ఇప్పుడైనా అలాగే చేస్తాను.

నువ్వు వెళ్ళాక బాబీ వచ్చాడు. రిజిస్ట్రారు ఆఫీసులో మా పేర్లు పిలిచి పిలిచి మానేశారట. వాడి ముందు ఆ చొక్కా పెట్టాను. ఎక్కడిదని అడగలేదు.

"నీకు తెలుసా?"

"తెలుసు నాన్నా."

"ఎప్పటినుంచి?"

"అప్పటినుంచే. హాస్పిటల్లో నాకు అన్నం కలిపి పెడుతుంటే అమ్మ వేళ్ళు ఒరిసిపోయి ఉన్నాయి. వేళ్ళని సిమెంటు తినేసిందని చెప్పింది. మీకు చెప్పొద్దంది."

"నువ్వు మాత్రలు మానేశావు కాబట్టి వచ్చాయిరా. అది నీకూ తెలుసు కదా?"

"తెలుసు. అమ్మకీ చెప్పాను. 'అదీ ఒక కారణమేలేరా' అంది."

"ఇంతకాలం నాకెందుకు చెప్పలేదు?"

వాడు ఆ చొక్కా మడత పెడుతూ అన్నాడు: "చెప్తే నవ్వేవారు. మీరు నవ్వితే అమ్మ ఏడ్చేది కాదు నాన్నా. అన్నం వడ్డించి, లోపలికి వెళ్ళిపోయేది. మళ్ళీ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడేది కాదు. అది నేను చూడలేకపోయేవాణ్ణి."

అమలమ్మ గారికి తెలుసు, సిమెంటు ఇచ్చింది ఆవిడే. మీ అమ్మకి తెలుసు, నీకు తెలుసు, బాబీకి తెలుసు. ఆ తూము కింద పడుకున్న ఇద్దరిలో ఒకరికి తెలుసు. తెలియనిది నాకొక్కడికే. మీరందరూ కలిసి నన్ను ఇంత జాగ్రత్తగా చూసుకున్నందుకు ఏమనాలో ఇంకా తోచడం లేదు.

ఒక్క సంగతి దగ్గర మాత్రం నా బుర్ర ఆగిపోతోంది. పైన నీళ్ళు నిలుస్తున్నాయని ఆవిడకి నాకన్నా బాగా తెలుసు. నిలవడానికి మూసిందే ఆవిడ. పెచ్చులు ఊడటం చూసింది, కప్పులో ఊచలు తుప్పు పట్టి బయటికి కనబడటం చూసింది. ఒక జానెడు జరిపేది, మళ్ళీ వెనక్కి జరిపేది. గది మారుద్దామంటే "మీరు మారండి, నేనిక్కడే ఉంటాను" అనేది. నేను మారలేదు, నా పుస్తకాలు ఆ గదిలో ఉన్నాయి. యజమానురాలు నైరుతి మూల వదిలితే కొడుక్కి ఏమవుతుందోనని ఆవిడ భయం. తెలిసి తెలిసి ఆ పెచ్చు కింద ఇరవై ఏళ్ళు పడుకుంది. ఆసుపత్రిలో స్పృహ ఉన్న రోజుల్లో కూడా నోరు విప్పలేదు. ఒక్కసారి బాబీని పిలిచి, "మాత్రలు వేసుకుంటున్నావా?" అని మాత్రం అడిగింది.

నీ కాగితాలు దీనితో వెనక్కి పంపుతున్నాను. డాబా నీదే. ఊచలు కోయించలేదు. గంగాప్రసాద్ వాటికి ఏదో రంగు పూసి, ప్లాస్టిక్ సీసాలు బోర్లించి వెళ్ళాడు. పైన గది వేస్తావో, బట్టలు ఆరేసుకుంటావో, నీ ఇష్టం. పైపూత కొత్తది పడింది, వాటం మీ తాతయ్య పెట్టినట్టే నైరుతికి పెట్టాడు, తూము తెరిచే ఉంది. పని ముగిసిన చివరి రోజు బాబీ దాని దగ్గర కూర్చుని, లోపలికి వేలు పెట్టి చూసి, "ఇలాగే ఉంచేద్దామా నాన్నా?" అన్నాడు. వాడికి నలభై దగ్గర పడుతోంది. "ఉంచుదాం" అన్నాను. వాడు తల ఊపి, జేబులోంచి మాత్ర తీసి అక్కడే వేసుకున్నాడు, నీళ్ళు కూడా లేకుండా.

ఖర్చు ఎంతయిందని మొదట అడిగావు. గంగాప్రసాద్‌కి నేనే కట్టేశాను, అందులో నీకు పని లేదు. మిగతా ఖర్చులో మీ నాన్న ఉన్నాడు. రెండువేల అయిదు నుంచి వాడు చెయ్యని తప్పుకి నేను వాడి ముఖం చూడలేదు, పాడె కూడా చూడలేదు. వాణ్ణి ఇక ఏమీ అనను. మొదటి ఏడేళ్ళు వాటం మార్చకపోవడం వరకు అంటాను, అంతవరకే. నీకు ఫోన్ చెయ్యొద్దని రాశాను కదా, ఆ మాట కొట్టేసుకో. ఆదివారాలు బాబీ వస్తాడు. నువ్వూ రా. మీ అమ్మని తీసుకురా.

నేనేదో నన్ను తిట్టుకుంటానని నువ్వు ఈ ఉత్తరం చివరిదాకా చూస్తున్నావేమో. తిట్టుకోను. నేను నవ్వేవాణ్ణే, నిజం. నవ్వితే ఏమైంది? పది పుస్తకాలు ముందు పడేసేవాణ్ణి. పడేస్తే ఆ పుస్తకాలు తీసి నా మొహాన కొట్టి ఉండాల్సింది. పోట్లాడి, అరిచి, పుట్టింటికి పోయి ఉండాల్సింది. భార్యాభర్తలకి అంతకన్నా పనేముంది? నాతో ఒక్క మాట అనడం కన్నా స్లాబు కింద పడుకోవడం తేలిక అనుకుంది. నాకు తమ్ముణ్ణి లేకుండా చేసింది, చివరికి తననీ లేకుండా చేసింది. ఇదంతా నేను ఒక్క నవ్వు నవ్వకూడదని.

నిన్న మొదటి వాన పడింది. గొట్టంలోంచి నీళ్ళు వీధి కాలవలోకి దూకుతున్నాయి. గదిలో చుక్క పడలేదు. ఆవిడ మంచం ఆ మూలే ఉంది, ఎవరూ జరపలేదు. ఆ చప్పుడు వింటూ చాలాసేపు కూర్చున్నాను. సిద్ధాంతి మీదా మీ నాన్న మీదా వడగళ్ళ మీదా ఉన్న కోపమంతా నీళ్ళతో పాటు దిగిపోయింది. ఒక్కరి మీద మాత్రం దిగలేదు, దిగుతుందనే ఆశా లేదు. పెళ్ళయిన కొత్తలో తప్ప ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు, ఇప్పుడు రాస్తున్నాను. పద్మావతి.

నీ పెదనాన్న,
వెంకటకృష్ణారావు